దారులు మూసే ప్రోటీన్లు

వియన్నాలోని మాలిక్యులర్ పాథాలజీ పరిశోధన సంస్థలో పనిచేసే మైన్‌రాడ్ బుస్లింగర్ బృందం 2007లో ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రకటించింది. చిట్టెలుకల్లో ఎదుగుదల పూర్తయిన బీ కణాలను తీసుకుని, వాటిలో పాక్స్-5 అనే ఒకే ఒక్క జన్యువును తొలగించారు. బీ కణాలంటే యాంటీబాడీలు తయారుచేసే వంశానికి చెందిన తెల్లరక్తకణాలు. టీ కణాలు ఇంకో వంశానివి. అలా మార్చిన కణాలను, టీ కణాలు బొత్తిగా లేని వేరే చిట్టెలుకల్లోకి ఎక్కించారు. కొన్నాళ్లకు ఆ చిట్టెలుకల థైమస్ గ్రంథిలో టీ కణాలు పుట్టుకొచ్చాయి! ఎక్కించిన బీ కణాలే ఎముకల మూలుగలోకి చేరి, తొలి దశ దాకా వెనక్కి మళ్లి, అక్కణ్నుంచి కొత్తగా టీ కణాల దారి పట్టాయి. అవి నిజంగా ఆ బీ కణాల సంతానమేనా అన్న అనుమానానికి తావు లేదు. బీ కణం యాంటీబాడీ జన్యువు కోసం తన డీఎన్‌ఏను కత్తిరించి అతికించుకుంటుంది. ఆ అతుకులు ఈ టీ కణాల్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి.

పాఠ్యపుస్తకాల్లో రక్తకణాల వంశవృక్షం బొమ్మ చూసే ఉంటారు. పైన మూలకణం, దాని కింద కొమ్మలు, కొమ్మల చివర ఎర్రకణం, మాక్రోఫేజ్, బీ కణం, టీ కణం. బాణాలన్నీ కిందికే చూస్తుంటాయి. ఆ బొమ్మ తప్పని అనను గానీ, అది చెప్పకుండా వదిలేసిన సంగతి పెద్దది. కొమ్మ చివరికి చేరిన కణం అక్కడ దానంతటది నిలబడదు. దాన్ని పట్టి ఉంచే ప్రోటీన్లు ఉన్నాయి. కణం బతికినంత కాలం అవి పని చేస్తూనే ఉండాలి. వాటి పనిలో సగం కొత్త జన్యువులను పలికించడమైతే, మిగతా సగం అక్కర్లేని జన్యువుల నోరు నొక్కడం. నన్నడిగితే ఈ రెండో సగమే అసలు కథ. రోగనిరోధక కణం ఎదగడమంటే చాలావరకు ఇతర దారులు ఒక్కొక్కటీ మూసుకుంటూ రావడమే.

ముందు కొంచెం పునాది వేసుకుందాం. యాంటీబాడీల కోసం చేసే కత్తిరింపుల వంటివి పక్కన పెడితే, కాలేయంలోని కణానికీ మెదడులోని కణానికీ రక్తంలోని టీ కణానికీ డీఎన్‌ఏ ఒక్కటే. సాగదీస్తే సుమారు 2 మీటర్లు. అందులో ప్రోటీన్లకు సూచనలిచ్చే జన్యువులు దాదాపు 20,000. ఏ కణమూ వాటన్నిటినీ వాడదు. ఒక జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ ప్రతి తయారై, దాన్నిబట్టి ప్రోటీన్ తయారైతే ఆ జన్యువు వ్యక్తమైందంటాం. ఏ జన్యువు వ్యక్తం కావాలో, ఎంత మోతాదులో కావాలో, ఎప్పుడు ఆగిపోవాలో తేల్చేవి ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లనే ప్రోటీన్లు. మనిషిలో ఇవి సుమారు 1,600 రకాలున్నాయి. పాక్స్-5 వాటిలో ఒకటి. ఈ ప్రోటీన్లను తయారుచేసేది కూడా జన్యువులే కాబట్టి, ఒక ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్ మరోదాని జన్యువును తెరవడం, మూడోదాన్ని మూయడం, తన జన్యువును తానే తెరిచి ఉంచుకోవడం, ఇలా ఒక అల్లిక ఏర్పడుతుంది.

ఇలాంటి ప్రోటీన్ డీఎన్‌ఏ మీద నాలుగైదు నుంచి పది పన్నెండు అక్షరాల పొడవున్న ఒక వరుసను గుర్తుపట్టి అక్కడ కూర్చుంటుంది. అంత చిన్న వరుసలు డీఎన్‌ఏ పొడవునా లక్షల చోట్ల ఉంటాయి. అన్నిచోట్లా కూర్చోదు. ఎందుకంటే డీఎన్‌ఏ విప్పి పరిచి ఉండదు. హిస్టోన్లనే ప్రోటీన్ ఉండల చుట్టూ, ఒక్కో ఉండకు 147 అక్షరాల చొప్పున, చుట్టుకుని ఉంటుంది. బిగుతుగా చుట్టుకున్న చోట చాలా ప్రోటీన్లకు ప్రవేశం లేదు. కాబట్టి ఒక కణంలో ఏ భాగం విప్పి ఉంది, ఏ భాగం చుట్టి ఉంది అన్నది ఆ కణం ఏమిటో చెప్పే పెద్ద ఆధారం. ఇంకో చిక్కు కూడా ఉంది. జన్యువును పలికించే డీఎన్‌ఏ భాగం జన్యువు పక్కనే ఉండాలని లేదు. ఎన్‌హాన్సర్ అని పిలిచే ఈ భాగాలు లక్షల అక్షరాల దూరంలో ఉండి, మధ్యలోని డీఎన్‌ఏ మడత పడినప్పుడు జన్యువు దగ్గరికి వస్తాయి. ఈ ఎన్‌హాన్సర్ సంగతి గుర్తుంచుకోండి. వ్యాసం చివర్లో ఒక చికిత్స దగ్గర దీని అవసరం పడుతుంది.

ఇక పాక్స్-5 దగ్గరికి వద్దాం. 2007 ప్రయోగానికి పునాది 1999లోనే పడింది. పుట్టుకతోనే పాక్స్-5 లేని చిట్టెలుకల్లో బీ కణాలు సగం ఎదిగి ఆగిపోతాయి. బుస్లింగర్, స్టీఫెన్ నట్ తదితరులు అలా ఆగిపోయిన కణాలను గాజు పాత్రల్లో పెంచి, రకరకాల ఎదుగుదల ప్రోటీన్లు అందించి చూశారు. ఒక రకం అందిస్తే అవి సూక్ష్మజీవులను మింగే మాక్రోఫేజ్‌లయ్యాయి. ఇంకో రకం అందిస్తే ఎముకను కొరికి కరిగించే ఆస్టియోక్లాస్టులయ్యాయి. డెండ్రిటిక్ కణాలు, గ్రాన్యులోసైట్లు, సహజ హంతక కణాలు కూడా తయారయ్యాయి. చిట్టెలుకలోకి ఎక్కిస్తే టీ కణాలయ్యాయి. అంటే బీ కణం కాబోతూ ఆగిన కణం, రక్తంలోని దాదాపు ఏ కణమైనా కాగలిగే స్థితిలో ఉందన్నమాట.

ఇందులో గుట్టు ఏమిటంటే, పాక్స్-5 ఒకేసారి రెండు పనులు చేస్తుంది. బీ కణానికి కావలసిన సీడీ19 వంటి జన్యువులను తెరుస్తుంది. మాక్రోఫేజ్‌గా ఎదగమని వచ్చే సంకేతాన్ని అందుకునే గ్రాహకం జన్యువునూ, టీ కణం కమ్మని వచ్చే సంకేతాన్ని అందుకునే నాచ్-1 జన్యువునూ మూసేస్తుంది. చుట్టుపక్కల ఆ సంకేతాలు ఎన్ని ఉన్నా, అందుకునే గ్రాహకం లేని కణానికి అవి లేనట్టే. పాక్స్-5ను తీసేస్తే గ్రాహకాలు తిరిగి కనిపిస్తాయి, కణం అన్ని సంకేతాలకూ స్పందించడం మొదలుపెడుతుంది. సీడీ19 పేరు ఈమధ్య మన పత్రికల్లోనూ కనిపిస్తోంది. బీ కణ రక్తకాన్సర్లకు వాడే కార్-టీ చికిత్స గురిపెట్టేది దీనికే. ఐఐటీ బొంబాయి నుంచి వచ్చి 2023 అక్టోబరులో అనుమతి పొందిన నెక్స్‌కార్19 కూడా ఆ కోవదే. సీడీ19 బీ కణాల మీద తప్ప వేరే కణాల మీద దాదాపు కనిపించదు కాబట్టే ఆ గురి కుదిరింది. అలా కుదరడానికి కారణం పాక్స్-5.

ఇంతగా కాపాడిన పాక్స్-5ను బీ కణం తన చివరి మజిలీలో తానే వదిలేస్తుంది. యాంటీబాడీలను లెక్కలేనంతగా వెదజల్లే ప్లాస్మా కణంగా మారే సమయం వచ్చినప్పుడు బ్లింప్-1 అనే మరో ప్రోటీన్ రంగంలోకి దిగి పాక్స్-5 జన్యువును మూసేస్తుంది. ప్లాస్మా కణానికి వెనక్కి తిరిగే అవసరమూ లేదు, విభజన చెందే పనీ లేదు.

దారి మళ్లించడానికి ఒక ప్రోటీన్‌ను తీసేయడమే కాదు, ఒకటి కలిపినా సరిపోతుందని 2004లో న్యూయార్క్‌లో థామస్ గ్రాఫ్ బృందం చూపించింది. బీ కణాల్లోకి సీ-ఈబీపీ ఆల్ఫా అనే ప్రోటీన్‌ను బలవంతంగా జొప్పిస్తే అవి కొన్ని రోజుల్లో మాక్రోఫేజ్‌లుగా మారిపోయాయి. వాటి రూపం మారింది, సూక్ష్మజీవులను మింగే గుణం వచ్చింది. ఆ ప్రోటీన్ చేసిన మొదటి పనుల్లో ఒకటి, పాక్స్-5ను పనిచేయకుండా అడ్డుకోవడం.

టీ కణాల కథ ఇంకా చిక్కనిది. థైమస్ అనే గ్రంథి ఛాతీలో గుండెకు కొంచెం పైన ఉంటుంది. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన చిట్టెలుకలకు దాన్ని తీసేసి, వాటి రోగనిరోధక శక్తి కుప్పకూలడం గమనించేదాకా అది పనికిరాని అవయవమనే వైద్యలోకం అనుకుంది. మూలుగ నుంచి అతి కొద్ది కణాలు రక్తంలో ప్రయాణించి ఈ గ్రంథిలోకి చేరతాయి. చేరేటప్పటికి అవి టీ కణాలు కావు, అవుతాయన్న హామీ కూడా లేదు. వాటిని మాక్రోఫేజ్‌గానో డెండ్రిటిక్ కణంగానో మళ్లించడం ఆ దశలో సులువే.

థైమస్ లోపలి కొన్ని కణాల మీద ఒక ప్రోటీన్ ఉంటుంది. కొత్తగా వచ్చిన కణం పొర మీది నాచ్ దానికి తగిలినప్పుడు, నాచ్ లోపలి భాగం తెగిపడి నేరుగా కేంద్రకంలోకి వెళ్లి జన్యువులను తెరుస్తుంది. ఈ నాచ్‌ను మొదట పసిగట్టింది రోగనిరోధక శాస్త్రవేత్తలు కారు. వందేళ్ల కిందట జన్యుశాస్త్రవేత్త మోర్గాన్ ప్రయోగశాలలో పండ్ల ఈగల రెక్కల అంచున గాట్లు ఎందుకు పడుతున్నాయని చూస్తూ ఈ జన్యువు జాడ పట్టారు. ఈగ రెక్కను తీర్చే జన్యువుకీ మన టీ కణానికీ సంబంధం ఉంటుందని ఆనాడు ఎవరు ఊహిస్తారు!

నాచ్ తెరిచే జన్యువుల్లో ముఖ్యమైనది టీసీఎఫ్-1. ఇది కొన్ని ఇతర ప్రోటీన్లలా తెరిచి ఉన్న చోటు కోసం ఎదురుచూడదు. బిగుతుగా చుట్టి ఉన్న డీఎన్‌ఏ దగ్గరికి వెళ్లి దాన్ని విప్పగలదు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో గొల్నాజ్ వాహెదీ బృందం 2018లో దీన్ని రుజువు చేసిన తీరు బాగుంది. ఫైబ్రోబ్లాస్టులనే కణాలకు టీ కణాలతో ఏ సంబంధమూ లేదు. వాటిలో టీసీఎఫ్-1ను పెట్టినప్పుడు, టీ కణాల్లో మాత్రమే విప్పుకునే కొన్ని డీఎన్‌ఏ భాగాలు అక్కడ కూడా విప్పుకున్నాయి. అంతమాత్రాన ఫైబ్రోబ్లాస్టు టీ కణమైపోలేదు. తెరిచిన చోట పనిచేసే మిగతావాళ్లు అక్కడ లేరు.

మిగతావాళ్లలో గాటా-3 ఒకటి. అది లేకపోతే టీ కణం లేదు. అయితే తొలి దశలోని కణాల్లో గాటా-3ను ఉండవలసినదానికన్నా పెంచితే అవి టీ కణాలు కాకుండా, అలర్జీల్లో హిస్టమిన్ విడుదల చేసే మాస్ట్ కణాల దారి పడతాయి. కాలిఫోర్నియా టెక్నాలజీ సంస్థలో ఎలెన్ రోథెన్‌బర్గ్ బృందం 2007లో ఇది చూపించింది. అదే ప్రోటీన్, అదే కణం, మోతాదు మారితే ఫలితం మారింది. ఫలానా జన్యువు ఫలానా పని చేస్తుందని ఒక్క ముక్కలో చెప్పే వార్తలు చదివినప్పుడల్లా నాకు ఈ గాటా-3 గుర్తొస్తుంది.

ఇంకోవైపు పీయూ-1 ఉంది. థైమస్‌లోకి కొత్తగా వచ్చిన కణాల్లో ఇది దండిగా ఉంటుంది, మొదట్లో కణాల సంఖ్య పెరగడానికి తోడ్పడుతుంది కూడా. కాని ఎక్కువకాలం నిలిస్తే కణాన్ని మాక్రోఫేజ్ వైపు లాగుతుంది. రోథెన్‌బర్గ్ బృందమే దాని పద్ధతి బయటపెట్టింది. పీయూ-1 తనకు నచ్చని జన్యువుల మీద కూర్చుని మూసేయడం కాదు, ఆ జన్యువుల దగ్గర పనిచేస్తున్న రంక్స్-1 అనే ప్రోటీన్‌ను అక్కణ్నుంచి తన చోటికి లాక్కుంటుంది. అక్కడ పనివాడు లేక ఆ జన్యువు మందగిస్తుంది. కణంలో ఒక్కో ప్రోటీన్ రాశి పరిమితం కాబట్టి ఈ లాగులాట సాధ్యమైంది. టీ కణం స్థిరపడాలంటే పీయూ-1 తగ్గిపోవాలి.

అన్ని దారులూ మూసే ఘడియ బీసీఎల్-11బీ అనే జన్యువు తెరుచుకోవడంతో వస్తుంది. 2010లో మూడు బృందాలు విడివిడిగా ఒకే సంగతి తేల్చాయి. ఈ ప్రోటీన్ లేకపోతే కణాలు టీ కణాలు కావాలన్న నిర్ణయం తీసుకోలేక తొలి దశలోనే తచ్చాడుతుంటాయి. ఎదిగిన టీ కణాల్లోంచి దాన్ని తీసేసినా అవి సహజ హంతక కణాల లక్షణాలు తెచ్చుకుంటాయి. పాక్స్-5 బీ కణంలో చేసే కావలి ఉద్యోగమే ఇక్కడ బీసీఎల్-11బీ చేస్తోంది.

మరి అంత ముఖ్యమైన జన్యువును ఎవరు తెరుస్తారు? నాచ్, టీసీఎఫ్-1, గాటా-3, రంక్స్-1 నాలుగూ కలిసి. బ్యాంకు లాకర్ మీ తాళంచెవి ఒక్కదానితో తెరుచుకోదు, మేనేజరు దగ్గరున్న రెండోదీ పడాలి. ఇక్కడ అలాంటివి నాలుగు. అందులోనూ అన్నీ ఒకే సమయంలో పనిచేయవు. కొన్ని ఆ డీఎన్‌ఏ భాగాన్ని తెరవగలిగే స్థితికి తెచ్చి తప్పుకుంటాయి, కొన్ని తర్వాత జన్యువు ఎంత జోరుగా పనిచేయాలో నిర్ణయిస్తాయి. ఈ జన్యువు ఎన్‌హాన్సర్ దానికి ఎనిమిదిన్నర లక్షల అక్షరాల దూరంలో ఉంది. తొలి దశలో ఆ భాగమంతా కేంద్రకం గోడకు అతుక్కుని, నిద్రావస్థలో ఉంటుంది. శాన్ డియేగోలో కార్నెలిస్ మర్ బృందం 2017లో చెప్పినదాన్నిబట్టి, ఆ చోట ఒక ఆర్‌ఎన్‌ఏ తయారవడం మొదలైతే ఆ భాగం గోడను వదిలి లోపలికి జరుగుతుంది, అప్పుడుగాని ఎన్‌హాన్సరూ జన్యువూ కలుసుకోవు.

ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రయోగం దీనిమీదే జరిగింది. ప్రతి కణంలోనూ బీసీఎల్-11బీ రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. హావో యువాన్ క్వే, రోథెన్‌బర్గ్ తదితరులు చిట్టెలుకల్లో ఒక ప్రతికి పసుపుపచ్చగా వెలిగే ప్రోటీన్‌నూ, రెండోదానికి ఎర్రగా వెలిగేదాన్నీ తగిలించారు. 2018లో వెలువడిన ఫలితం ఇది. ఒకే కేంద్రకంలో, అవే నాలుగు ప్రోటీన్లు అందుబాటులో ఉన్నప్పటికీ, చాలా కణాల్లో ఒక రంగే ముందు వెలిగింది. రెండోది కొన్ని రోజులు, కొన్ని విభజనలు ఆలస్యంగా వెలిగింది. పరిస్థితులన్నీ ఒకటే అయినా ఆ ప్రతి విప్పుకునే క్షణం మాత్రం పాచిక పడ్డట్టే. కణం నిర్ణయం తీసుకుంటుందని మనం అలవాటుగా అంటాం. అందులో కొంత భాగం యాదృచ్ఛికం. అయినా అలాంటి కణాలు కోట్ల సంఖ్యలో ఉండడంవల్ల మొత్తం మీద టీ కణాల సరఫరా నిలకడగానే సాగిపోతుంది.

డీఎన్‌ఏ మడతలను సర్దే ప్రోటీన్ల పరిశోధనలో మన దేశానికీ వాటా ఉంది. థైమస్ కణాల కేంద్రకంలో సాట్‌బీ-1 అనే ప్రోటీన్ పంజరం ఆకారంలో పరుచుకుని, దూరదూరంగా ఉన్న డీఎన్‌ఏ భాగాలను ఒకచోటికి కట్టి ఉంచుతుందని 2003లో అమెరికాలో టెరుమి కోహ్వి-షిగెమట్సు బృందం చూపించింది. పుణెలోని జాతీయ కణశాస్త్ర కేంద్రంలో సంజీవ్ గలాండే బృందం 2006లో దాని మీట ఎక్కడుందో పట్టుకుంది. సాట్‌బీ-1కు ఒక ఫాస్ఫేట్ చేరితే అది జన్యువులను అణచే ప్రోటీన్లతో జట్టు కడుతుంది. ఫాస్ఫేట్ లేనప్పుడు జన్యువులను పలికించేవాటితో కడుతుంది.

టీ కణంగా స్థిరపడ్డాక మరో చీలిక. హెచ్ఐవీ చికిత్స కేంద్రాల్లో సీడీ4 కౌంట్ అనే మాట వినే ఉంటారు. సీడీ4 ఉన్నవి సహాయక కణాలు, సీడీ8 ఉన్నవి సోకిన కణాలను చంపేవి. ఫిలడెల్ఫియాలోని ఫాక్స్ చేజ్ కాన్సర్ కేంద్రంలో సీడీ4 కణాలు లేని చిట్టెలుకలు అనుకోకుండా బయటపడ్డాయి. సహాయక కణాలు కావలసినవన్నీ వాటిలో హంతక కణాలైపోతున్నాయి. కారణం దొరకడానికి 2005 దాకా పట్టింది. టీహెచ్‌పోక్ అనే ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారింది, అంతే.

ఫాక్స్-పీ3 అనే మరో ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్ కథ ఇంకా పాతది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో 1949లో పొలుసులు రాలే చర్మంతో, ఉబ్బిన గ్రంథులతో కొన్ని మగ చిట్టెలుకలు పుట్టి వారాల్లోనే చనిపోయాయి. వాటి టీ కణాలు సొంత శరీరాన్నే కొరుకుతున్నాయి. లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉందని తెలిసినా, జన్యువును పట్టుకోవడానికి అర్ధశతాబ్దం పట్టింది. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అది ఫాక్స్-పీ3 అని తేల్చారు. మగపిల్లల్లో వచ్చే ఐపెక్స్ అనే ప్రాణాంతక వ్యాధికీ ఇదే మూలమని అప్పుడే తెలిసింది. ఇతర టీ కణాలను అదుపులో పెట్టే నియంత్రక టీ కణాల ఉనికిని జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగూచి అప్పటికే చెబుతున్నారు. ఆ కణాలను తయారుచేసే ప్రోటీన్ ఫాక్స్-పీ3యేనని 2003లో రుజువైంది. 2025 వైద్య నోబెల్ ఈ ముగ్గురిదీ. ఇక్కడా మొదటి సూత్రమే వర్తిస్తుంది. ఎదిగిన నియంత్రక కణంలోంచి ఫాక్స్-పీ3ని తీసేస్తే అది అదుపు చేసే గుణాన్ని పోగొట్టుకుంటుంది.

ఈ ప్రోటీన్లు తప్పితే ఏమవుతుందో పిల్లల కాన్సర్ వార్డుల్లో కనిపిస్తుంది. చిన్నపిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్తకాన్సర్ తీవ్ర లింఫోబ్లాస్టిక్ లుకేమియా. అందులో అధిక భాగం బీ కణం ఎదుగుతూ ఎదుగుతూ మధ్యలో ఆగిపోయి, ఆగినచోటే విభజన చెందుతూ పోవడంవల్ల వస్తుంది. 2007లో అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రి పరిశోధకులు ఇలాంటి కాన్సర్లలో దాదాపు మూడో వంతు వాటిలో పాక్స్-5 దెబ్బతిని ఉందని చూశారు. టీ కణ లుకేమియాల్లో సగానికి పైగా నాచ్-1 జన్యువులో మార్పులుంటాయి. అవసరం తీరాక ఆగవలసిన సంకేతం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. ఇవేవీ తెలియని 1948లోనే, లెడర్లీ ప్రయోగశాలలో మన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఈ పిల్లల్లో కొందరికి తాత్కాలికంగానైనా జబ్బు తగ్గించగలిగారు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ ఈ చికిత్సలో ఉంది. అది విభజన చెందుతున్న కణాన్ని దెబ్బతీస్తుంది, కణం ఎందుకు ఆగిపోయిందో దానికి పట్టదు.

ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్‌నే నేరుగా మాయం చేసే మందు లెనాలిడొమైడ్. ఇది అపఖ్యాతి పాలైన థాలిడొమైడ్‌కు మరో రూపం. గర్భిణులు వాడిన థాలిడొమైడ్‌వల్ల వేలాదిమంది శిశువులు కాళ్లూ చేతులూ సరిగా ఏర్పడకుండా పుట్టడంతో 1961లో దాన్ని పశ్చిమ జర్మనీలో ఉపసంహరించారు. చాలా ఏళ్లకు ప్లాస్మా కణాల కాన్సర్ అయిన మైలోమాకు ఈ జాతి మందులు పనికొస్తాయని తేలింది. ఎలా పనిచేస్తాయో 2014లో తెలిసింది. లింఫోసైట్ల ఎదుగుదలకు కీలకమైన ఇకారోస్, ఐయోలోస్ అనే రెండు ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్లను ఈ మందు కణంలోని చెత్త తొలగించే యంత్రాంగానికి అప్పగిస్తుంది. వాటి మీద ఆధారపడ్డ మైలోమా కణం చస్తుంది. శిశువుల అవయవాలు దెబ్బతినడానికి కారణం కూడా దాదాపు ఇదేనని 2018లో తెలిసింది. అక్కడ మాయమైనది సాల్-4 అనే మరో ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్. ఒకచోట రాక్షసుడిగా కనిపించిన పాత్రే మరోచోట వైద్యుడైన సందర్భమిది. లెనాలిడొమైడ్ జనరిక్‌ను తయారుచేసి అమెరికాకు పంపుతున్నవాటిలో హైదరాబాద్ కంపెనీలు నాట్కో, డాక్టర్ రెడ్డీస్ ఉన్నాయి.

ఇక మొదట్లో గుర్తుంచుకోమన్న ఎన్‌హాన్సర్. బీసీఎల్-11బీ కుటుంబంలోనే బీసీఎల్-11ఏ అని ఒకటుంది. ఇది బీ కణాల ఎదుగుదలకు తప్పనిసరి. ఎర్రకణాల్లో మాత్రం దీని పని వేరు. గర్భంలో ఉన్నప్పుడు మనం వాడే శిశు హిమోగ్లోబిన్ జన్యువును పుట్టాక మూయించేది ఇదే. సికిల్ సెల్, బీటా తలసేమియా రోగుల్లో లోపమంతా పుట్టాక వాడే హిమోగ్లోబిన్‌లో ఉంటుంది. మూతపడ్డ శిశు హిమోగ్లోబిన్‌ను తిరిగి తెరిపిస్తే వాళ్ల కష్టం తీరుతుంది. అందుకోసం బీసీఎల్-11ఏ జన్యువునే చెరిపేస్తే బీ కణాలు పోతాయి. 2013లో బోస్టన్‌లో డేనియల్ బాయర్, స్టువర్ట్ ఆర్కిన్ తదితరులు దారి చూపారు. ఈ జన్యువుకు ఎర్రకణాల్లో మాత్రమే పనిచేసే ఎన్‌హాన్సర్ ఒకటుంది, బీ కణాలు దాన్ని వాడవు. దానిలో గాటా-1 అనే ట్రాన్‌స్క్రిప్షన్ ఫ్యాక్టర్ కూర్చునే కొద్ది అక్షరాల చోటును, డీఎన్‌ఏను కోసే క్రిస్పర్ అనే సాధనంతో కత్తిరిస్తే ఎర్రకణంలో బీసీఎల్-11ఏ తగ్గిపోతుంది, బీ కణంలో అలాగే ఉంటుంది. రోగి మూలకణాలను బయటికి తీసి, ఆ చోటు కత్తిరించి, తిరిగి ఎక్కించే ఈ చికిత్స పేరు క్యాస్‌జెవీ. 2023 నవంబరులో బ్రిటన్, డిసెంబరులో అమెరికా అనుమతించాయి. క్రిస్పర్‌తో చేసే చికిత్సల్లో ప్రపంచంలో అనుమతి పొందిన మొదటిది ఇదే.

అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. మన దగ్గర సికిల్ సెల్ ఎక్కువగా కనిపించేది ఆదిలాబాద్, పాడేరు వంటి ఆదివాసీ ప్రాంతాల్లో. అక్కడి రోగులకు ఇవాళ అందుబాటులో ఉన్న ముఖ్యమైన మందు హైడ్రాక్సీయూరియా. అది కూడా శిశు హిమోగ్లోబిన్‌ను కొంత పెంచే పనిచేస్తుంది, రోజూ వేసుకోవాలి. 2023 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వారికి సికిల్ సెల్ పరీక్ష ప్రభుత్వమే చేస్తోంది. ఆ ప్రాంతాల్లో మీవాళ్లు, మీకు తెలిసినవాళ్లు ఉంటే, ముఖ్యంగా పెళ్లి కావలసిన పిల్లలుంటే, ఆ పరీక్ష చేయించుకోమని చెప్పండి.